డబ్బాది తప్పు

పాట మధ్యలో చెయ్యెత్తి ఆపించి, "సింధూ, నువ్వు అసలు వాయిస్తున్నావా?" అని అడిగాడు ప్రసన్నకుమార్.

సింధు చూపుడువేలికి చుట్టుకున్న ప్లాస్టరు ఊడిపోయి తీగకు అతుక్కుంది. దాన్ని గోటితో గీకి తీసే పనిలో ఉంది. వేలి చివర పొక్కు చితికి మంట పుడుతోంది. ఇంత బలంగా వాయించాక కూడా వాయిస్తున్నావా అని అడుగుతున్నాడు ఈ మనిషి.

"వాయిస్తోంది అన్నా, నాకు కనబడుతుంది గదా చెయ్యి," అన్నాడు డ్రమ్స్ వెనక నుంచి నరేష్‌కుమార్.

"కనపడటం కాదురా, వినపడాలి."

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను వెనక వీధిలో నరేష్ వాళ్ల నాన్న మార్కండేయులుకి చేనేత చీరల దుకాణం ఉంది. దుకాణం వెనక గోడౌను. మూడు వైపులా ఇనుప ర్యాకుల్లో పోచంపల్లి చీరలు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని కప్పుదాకా పేర్చి ఉంటాయి. ఎప్పుడు లోపలికి వెళ్లినా ముక్కుకు ముందు డాంబరు గోలీల వాసన తగులుతుంది. పొద్దున దుకాణం తెరిచేదాకా ఆ గోడౌను ఈ ముగ్గురిదీ. ప్రసన్న గిటారు వాయిస్తూ పాడతాడు. బ్యాండు పెడదామన్న ఆలోచన తనదే కాబట్టి పెద్దరికమూ తనదే. అతని పక్కన శబ్దాన్ని పెంచే పెట్టెలు, రెండు యాంపులు, గోల పెడతాయి. నరేష్ కొడితే వీధి చివర కుక్కలు లేస్తాయి. ఆ రెండిటి కిందా నేలలాగా పరుచుకోవాల్సింది సింధు చేతిలోని బేస్ గిటారు మోత. అదే ఎక్కడా కనిపించడం లేదు.

ఆ మోత బయటికి రావాల్సిన స్పీకర్ డబ్బా గోడకు వీపు ఆనించి నల్లగా కూర్చునుంది. కర్మన్‌ఘాట్‌లో ఒక ఆర్కెస్ట్రా వాళ్లు మూసేస్తుంటే సింధు తన జీతంతో కొనుక్కున్న డబ్బా అది. నడుమెత్తు ఉంటుంది. లోపల పళ్లెమంత స్పీకరు ఒక్కటే. కొన్నరోజు ఆ ఆర్కెస్ట్రా వాళ్ల వరండాలో ఒక్క తీగ మీటితే కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే తన భ్రమేమో అనిపిస్తోంది ఆమెకు.

"చీరలు మింగుతున్నయేమో అన్నా సౌండుని," అన్నాడు నరేష్.

"నీ డ్రమ్స్‌ని మింగట్లేదుగా? నా గిటారుని మింగట్లేదుగా? ఒక్క సింధుదే మింగుతున్నాయా?"

నరేష్‌ పుల్లలు తొడమీద పెట్టుకుని తల వంచుకున్నాడు.

ప్రసన్న గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తే ఇంకా భయం. "ఏమీ అనుకోకు సింధూ. బేస్ అంటే బలం. అది యాంపులోంచి రాదు, వేళ్లల్లోంచి రావాలి. ఆడపిల్ల చెయ్యి, కొంచెం కష్టమే. ఆ స్ప్రింగు వాడుతున్నావా?"

పుట్టినరోజుకి అతను ఇచ్చిన బహుమతి అది. గుప్పిట్లో పెట్టుకుని నొక్కే ఇనుప స్ప్రింగు. బస్సులో నొక్కుతుంది, ఆఫీసులో మీటింగులో బల్ల కింద నొక్కుతుంది, ఇంట్లో టీవీ ముందు నొక్కుతుంది. ఇన్వర్టర్ల కంపెనీలో పనిచేసే ఎలక్ట్రికల్ ఇంజినీరు, తన వేళ్లు సరిపోవడం లేదని నమ్మి రోజూ స్ప్రింగు నొక్కుతోంది.

"వాడుతున్నా," అంది.

"సరే, ఒక పని చేద్దాం. ఆదివారం ఎల్బీనగర్ షోలో బేస్‌కి డబ్బా మనమే తెచ్చుకోవాలన్నారు. దీన్ని మోసుకెళ్తే పరువు పోతుంది. కొత్తది కొందాం. నువ్వే చూసి చెప్పు. ఈ ఓమ్‌లూ వాట్లూ నీకు తెలిసినంత మాకెవరికీ తెలియదు కదా."

అంతసేపూ మాటపడ్డ మనిషికి ఆ ఒక్క మాటతో ప్రాణం లేచొచ్చింది. ఎల్బీనగర్ ఫంక్షన్ హాలు మైదానం వాళ్లకు మొదటి పెద్ద షో. వినే జనం వేలల్లో ఉంటారు. తనను తీసేయడం లేదు. తనకోసం డబ్బా కొంటున్నారు! గిటారు సంచిలో పెట్టుకుని బయటికొస్తుంటే, ముందు దుకాణంలో దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తున్న నరేష్ నానమ్మ మల్లమ్మ, "ఏంది బిడ్డా, గింత ఖుషీగున్నవ్?" అని అడిగింది.

"కొత్త డబ్బా కొంటున్నాం బాపమ్మా."

"మల్లొకటా?" అని ముసలామె మొహం చిట్లించింది. "గది కూడ గింత పెద్దదేనా?"

సింధు నవ్వేసి బస్సెక్కడానికి పరిగెత్తింది.

గురువారం సాయంత్రం వాద్యాల దుకాణానికి సింధు అందరికంటే ముందే వెళ్లి కూర్చుంది. దుకాణం యజమాని గంగాధరరావు బెజవాడ వైపు మనిషి. వీణలూ తబలాలూ అమ్మిన దుకాణంలో ఇప్పుడు సగం గిటార్లే. రెండు డబ్బాలు ముందు గదిలోకి లాగించి పెట్టాడు. ఒకదాంట్లో పదిహేను అంగుళాల స్పీకరు ఒకటి. ఇంకోదాంట్లో పది అంగుళాలవి నాలుగు.

ప్రసన్న, నరేష్ వచ్చారు. వాళ్ల వెంట భుజాన గిటారు సంచితో ఒక కుర్రాడు. హయత్‌నగర్ నుంచి వచ్చాడట, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాడట, పేరు మురళీకృష్ణ.

"నువ్వే వాయించుకుంటూ నువ్వే వింటే ఏం తెలుస్తుంది? మురళి వాయిస్తాడు, నువ్వు దూరంగా నిలబడి విను," అన్నాడు ప్రసన్న.

ఎంత బాగా ఆలోచించాడో అనుకుంది సింధు. నరేష్ మాత్రం ఆ సాయంత్రమంతా ఆమె మొహం వైపు చూడలేదు. దుకాణంలో ఉన్న తబలాల్ని లెక్కపెట్టడానికే వచ్చినవాడిలా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ముందు పదిహేనుది. మురళి వాయిస్తుంటే సింధు గదిలోనే విని, గుమ్మం దాటి మెట్ల మీద విని, రోడ్డవతలకి పోయి ఆటోల మోతలో నిలబడి వింది. తిరిగొచ్చి ప్రసన్నను గిటారు తగిలించుకోమంది. నరేష్‌ని అక్కడున్న డ్రమ్ము మీద కొట్టమంది. "విడిగా వింటే ఏ డబ్బా అయినా ముద్దుగానే ఉంటుంది. మీ గోల మధ్యలో దీని మాట స్పష్టంగా వినపడాలి, అదీ పరీక్ష," అంది. మళ్లీ రోడ్డవతలకి వెళ్లింది. పదిహేనుది కింద గుబగుబమంటోంది గానీ ఏ స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియడం లేదు. నాలుగు పదులది తగిలించగానే ఆటోల మీదుగా ఒక్కొక్క స్వరమూ విడివిడిగా వచ్చి ఆమె పొట్టలో తగిలింది. ఆ దెబ్బకు నడిరోడ్డు మీద నవ్వొచ్చింది ఆమెకు.

లోపలికొచ్చి డబ్బా పక్కల మీద అరచెయ్యి ఆనించి, చెక్క ఎక్కడైనా వణుకుతోందా అని చూసింది. వెనక్కి వెళ్లి, అక్కడున్న గుండ్రటి గండి ముందు చెయ్యి పెట్టింది. మురళి తీగ మీటినప్పుడల్లా గండిలోంచి గాలి ఫుఫ్ మని అరచేతికి కొట్టింది.

"అందులోంచి గాలాడితేనే దానికి గొంతు," అన్నాడు గంగాధరరావు.

తన డబ్బాకీ వెనక రెండు గండ్లున్నాయి. గోడకి ఆనించి ఉండటం వల్ల ఎప్పుడూ చెయ్యి పెట్టి చూడలేదు. వెళ్లాక చూడాలి అనుకుంది.

"ఇదే," అంది ప్రసన్నతో. "నాలుగు పదులది. కళ్లు మూసుకుని తీసుకో."

"ఖాయమా?"

"ఖాయం."

గంగాధరరావు డబ్బా మీద దుమ్ము తుడుస్తూ, "మంచిదే ఎంచారమ్మా. శనివారం పంపిస్తా. ఈలోగా ఆదివారం వాయించేవాళ్లు తమ యాంపు తెచ్చి ఒకసారి దీనికి తగిలించి చూసుకుంటే మంచిది," అన్నాడు.

"మురళి తెస్తాడు లెండి," అన్నాడు ప్రసన్న.

సింధు చెయ్యి ఇంకా ఆ గండి దగ్గరే ఉంది. "మురళిది ఎందుకు? నా యాంపు ఉందిగా?" అంది మామూలుగా.

నరేష్ తబలాల వైపునుంచి తన చెప్పుల వైపుకు చూపు మార్చాడు. మురళి వాళ్లిద్దర్నీ చూసి, ఆమెను చూసి, "అదేంటన్నా, ఈవిడ మానేస్తున్నారని చెప్పావుగా?" అన్నాడు.

చెంప మీద కొట్టినా అంత ఉలిక్కిపడేది కాదు సింధు. మనుషుల పెదాలు కదులుతున్నాయి, మాటలు మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తున్నాయి.

"మానేయడమంటే... షో అయిపోయాక నెమ్మదిగా చెబుదామనుకున్నా. ఇది పెద్ద షో సింధూ. రిస్కు తీసుకోలేను. నీకూ ఒత్తిడి తగ్గుతుంది," అంటున్నాడు ప్రసన్న.

"మరి డబ్బా నాచేత ఎందుకు ఎంచించావు?"

"చెప్పాగా, నీకు తెలిసినంత మాకెవరికీ తెలియదు." ఆ మాట అతను మెచ్చుకోలుగానే అన్నాడు. అలా అనడంలో తప్పేముందో అతనికి నిజంగా తెలియదు. సింధుకి అన్నిటికంటే అదే నమ్మశక్యం కాలేదు.

మన్సూరాబాద్ ఇంటికి ఎలా వచ్చిందో గుర్తులేదు. అమ్మ ఇందిరాదేవి కంచంలో అన్నం పెట్టి, పక్కన కూర్చుని, కూతురి వేళ్లు చూసి కొబ్బరినూనె గిన్నె తెచ్చింది.

"ఇంతలా చీరుకుపోయేదాకా వాయించడం ఎందుకే? ఇంట్లో తీగ మీటితే దోమ పాడినంత కూడా వినపడదు. అక్కడైనా వినపడుతుందా?"

"లేదమ్మా," అంది సింధు. "అక్కడా వినపడదు."

అమ్మ కూతురి మొహం చూసి, గిన్నెలో వేలు ముంచి పొక్కుల మీద నూనె రాసింది.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టింది. కాలనీ మలుపులో ఉండే జంగయ్య ట్రాలీ ఆటో మాట్లాడుకుని, అలవాటుగా గిటారు సంచి భుజాన వేసుకుని, తన డబ్బా తాను తెచ్చేసుకుందామని బయలుదేరింది. గొడవ పడే ఉద్దేశం లేదు. కనీసం మొహం చూపించే ఉద్దేశం కూడా లేదు. వస్తున్నానని నరేష్‌కి మెసేజ్ పెట్టింది. అతను చూడలేదు.

గోడౌను షట్టరు సగం దించి ఉంది. లోపల పాట నడుస్తోంది. ఆమెకు తెలిసిన పాటే, తను అల్లిన బేస్ వరసే. వాయిస్తున్నది మురళి. కొత్త డబ్బా ఇంకా రాలేదు కాబట్టి ఆమె డబ్బాలోనే వాయిస్తున్నాడు. సింధు షట్టరు పక్కన ఆగిపోయింది.

గిటారు వినిపిస్తోంది. డ్రమ్స్ వినిపిస్తున్నాయి. బేస్ వినపడటం లేదు.

ఆమె చెవి షట్టరుకు ఆనించింది. లేదు. దుప్పటి కప్పుకుని మూలిగినట్టు, అదే నీరసం, ఇన్ని నెలలుగా ఆమె చేతుల్లోంచి వచ్చిన అదే నీరసం. పెళ్లి మండపాల్లో వందలమంది మధ్య వాయించిన మురళి చేతుల్లోంచీ అదే వస్తోంది.

పాట ఆగింది.

"ఇంకొంచెం గట్టిగా కొట్టనా అన్నా?" అని మురళి గొంతు.

"నీ తప్పు కాదులే మురళీ," అన్నాడు ప్రసన్న. "ఈ డబ్బానే దరిద్రం. ఎవడు వాయించినా ఇంతే. రేపు కొత్తది వస్తుందిగా."

నిన్న దుకాణంలో తగిలిన దెబ్బకు ఇంకా తేరుకోలేదు సింధు. ఇది దానికంటే లోతుగా దిగింది. తన వేళ్ల వైపు చూసుకుంది. రెండు పొక్కులు, ఒక ప్లాస్టరు, అమ్మ రాసిన నూనె మెరుపు. ఒక్క పాట. అతనికి ఒక్క పాటకే డబ్బాది తప్పని తేలిపోయింది.

షట్టరు పైకి నెట్టి లోపలికి వెళ్లింది.

"నా డబ్బా తీసుకెళ్లడానికొచ్చాను. జరుగు మురళీ."

ఆమె వైరు పీకి, డబ్బా పైఅంచు రెండు చేతులా పట్టుకుని గోడ దగ్గర్నుంచి లాగింది. చక్రాలు కిర్రుమన్నాయి. ఆ చప్పుడుకు ముందు దుకాణంలోంచి మల్లమ్మ చీపురుతోనే వచ్చింది.

"ఆగు బిడ్డా ఆగు, గట్లనే తోల్కపోతవా? జర నా నూలు తీసుకోని."

"ఏం నూలు బాపమ్మా?"

"గండ్లల్ల వెట్టిన నూలు." ముసలామె చీపురు పక్కనపెట్టి డబ్బా వెనక చతికిలబడింది. ఒక గండిలో రెండు వేళ్లు పెట్టి కొస దొరకబుచ్చుకుని లాగింది. ఎర్రనూలు వచ్చింది. దాని వెంట నీలం, మధ్యమధ్య రంగంటని తెల్ల ముక్కలతో చిక్కుపడ్డ నూలు వ్యర్థం. లాగిన కొద్దీ వస్తూనే ఉంది. రెండు చేతులా మార్చి మార్చి లాగుతోంది. నూలుతోపాటు డాంబరు గోలీలు రాలి నేలమీద దొర్లాయి. ఒకటి వెళ్లి ప్రసన్న బూటుకు తగిలి ఆగింది.

"ఎప్పుడు పెట్టినవే గిది?" అన్నాడు నరేష్. అతని గొంతు పీలగా వచ్చింది.

"పిల్ల తెచ్చిన నాడే వెట్టిన. ఎంతెంత గండ్లు చేసి అమ్మిండ్రో ఏమో, పందికొక్కు గూడ దూరుతది. మగ్గమున్న ఇంట్ల ఒక్క గండి ఇడిసిపెడితే ఏమైతదో నీకేమెరుక? తెల్లారేసరికి నూలంత కొరికి పెడ్తయ్ ఎలుకలు. గీడ చుట్టూత చీరలుండె. అందుకే కట్టెతోని నూకి నూకి, ఇగ పట్టదన్నదాక కూరిన." రెండో గండిలోకి చెయ్యి పోనిచ్చింది. "మంచి నూలే. ఊకెనే పోనిస్తనా?"

కుప్ప ఆమె మోకాళ్లను దాటింది. సింధు ఆ నూలు కుప్పనే చూస్తోంది. స్పీకరు వీపుకి ఇంత నూలు ఒత్తుకుని ఉంటే అది కదిలేదెట్లా, దానికి గాలాడేదెట్లా? దాని నోరు కట్టేసి ఉంది. అది పలకలేదని తను స్ప్రింగు నొక్కింది.

మల్లమ్మ చివరి పోగు లాగి, లోపల తడిమి, "అయింది, ఇగ తీసుకపో," అంది.

సింధు తీసుకుపోలేదు. వైరు మళ్లీ తగిలించింది. సంచిలోంచి తన గిటారు తీసింది. మురళి పెట్టిన చోటే ఉంచింది తన యాంపు మీటను. మంట పుడుతున్న వేలిని పక్కనపెట్టి, బొటనవేలితో అన్నిటికంటే లావు తీగను ఒక్కసారి మీటింది.

ర్యాకుల్లో చీరల కవర్లన్నీ ఒక్కసారిగా గలగలలాడాయి. నరేష్ ముట్టుకోకుండానే అతని ముందున్న డ్రమ్ము జర్రుమని మోగింది. అతను భయపడినట్టు దాని మీద అరచెయ్యి వేసి నొక్కాడు. మల్లమ్మ "అయ్యో!" అని గుండెలమీద చెయ్యి పెట్టుకుంది. సింధు ఆ వరస మొత్తం వాయించింది, మొదటినుంచి చివరిదాకా, ఒక్కతే. తను అల్లిన వరసని తను వినడం అదే మొదటిసారి.

ఆమె ఆపాక ముందు తేరుకున్నది ప్రసన్నే. మొహం వెలిగిపోతోంది.

"చూశావా! ఇన్నాళ్లూ నేను అడుగుతోంది ఇదే! అబ్బ, అయితే తప్పు నీది కాదన్నమాట. సరే సింధూ, ఆదివారం నువ్వే వాయించు. మురళి ఏమీ అనుకోడు. ఏం మురళీ?"

మురళి తన గిటారు తీగలు తుడవడం మొదలుపెట్టాడు.

"ఈ నూలు బయటికి రాకముందే నువ్వు చెప్పేశావుగా ప్రసన్నా, డబ్బాది తప్పని?" అంది సింధు.

"నేనా? ఎప్పుడు?"

"ఇందాక, మురళితో. షట్టరు బయట నిలబడి విన్నాను." ఆమె గొంతు పెరగలేదు. "అతను వాయించింది ఒక్క పాట. ఒక్క పాటకే నీకు డబ్బా మీద అనుమానం వచ్చింది. నేను ఇన్ని నెలలు వాయిస్తే ఒక్కసారి కూడా రాలేదు. ఇంజినీరుని, నాక్కూడా రాలేదు. నా వేళ్లదే తప్పంటే నమ్మాను. నాకు కోపం ఎక్కువ దానికే వస్తోంది."

సింధు వైరు చుట్టి సంచిలో పెట్టింది. సంచి అడుగున స్ప్రింగు చేతికి తగిలింది. తీసి అతని యాంపు మీద పెట్టింది.

"ఇది మురళికివ్వు." మళ్లీ తనే, "అతనికి అవసరం లేదులే, మర్చిపోయాను," అంది.

డబ్బా దొర్లించుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి రెండోవైపు ఎవరో పట్టుకున్నారు. నరేష్. "నిన్ననే చెప్పాల్సింది సింధూ. నాకు ముందే ఎరుక," అన్నాడు నేల చూపులతో. "అవును, చెప్పాల్సింది," అంది. అంతకంటే మెత్తగా అనడానికి ఆమెకు మనసొప్పలేదు. ఇద్దరూ మోసి, ఆమె యాంపుతో సహా ట్రాలీలో పెట్టారు. వెనకనుంచి మురళి వచ్చి, కాసేపు తటపటాయించి, "ఈ డబ్బా అమ్మే ఉద్దేశమేమన్నా ఉందాండీ?" అని అడిగాడు. ఆ పరిస్థితిలోనూ సింధుకి నవ్వాగలేదు.

మల్లమ్మ నూలు కుప్పను కొంగులో ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. "నేనేమన్న తప్పు చేసిన్నా బిడ్డా?"

"మీరు ఎలుకల కోసం పెట్టారు బాపమ్మా. మీది తప్పెలా అవుతుంది?"

ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ పడ్డప్పుడు జంగయ్య వెనక్కి తిరిగి, "ఏంది మేడం గిది, డీజే డబ్బానా?" అని అడిగాడు. "బేస్ డబ్బా," అంది సింధు. రెండు చేతులూ డబ్బా మీద గట్టిగా ఆనించి కూర్చుంది.

ఇంటి దగ్గర జంగయ్య ఒక చెయ్యి వేస్తే, ముందు గదిలో డబ్బా పెట్టింది. ఈసారి గోడకు ఆనించలేదు. వంటింట్లోంచి ఇందిరాదేవి గరిటెతో సహా వచ్చి, "దీన్నిక్కడికెందుకు తెచ్చావే? షో ఏమైంది?" అని అడిగింది. సింధు యాంపు తగిలించి, మీట బాగా తగ్గించి, నేలమీద కూర్చుని లావు తీగను తాకింది.

వంటింట్లో స్టాండు మీదున్న స్టీలు కంచాలు గణగణ మోగాయి. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఇందిరాదేవి అదిరిపడి తలుపు పట్టుకుంది.

"ఏమిటే ఆ మోత! అంత గట్టిగా వాయించకు తల్లీ, కిందింటివాళ్లు వచ్చేస్తారు!"

సింధు తన వేళ్ల వైపు చూసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"గట్టిగా వాయించలేదమ్మా," అంది. "ఊరికే వేలు ఆనించాను."